మధ్యలో పుట్టిన ఫ్రేము

నాలుగు వందల ఎనభైయా, ఏడు వందల ఇరవయ్యా, లేక ఉన్నదున్నట్టు వెయ్యీ ఎనభై పెట్టేయడమా, ఈ మూడు వీడియో సైజుల్లో ఏది నొక్కినా కొంపలేం మునగవని పదమూడేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెప్పింది తనే కదా, స్కూలు వార్షికోత్సవాలకీ, బట్టల కొట్టు ప్రకటనలకీ, రిటైరైపోయే హెడ్‌మాస్టర్ల వీడ్కోలు సభలకీ ఒకటే పాట, ఫోన్లో చూసేవాళ్లకి అన్నీ ఒకటేనండీ, సైజు తక్కువుంటే తొందరగా ఎక్కుతుంది, ఫుల్ క్వాలిటీయే కావాలని పట్టుబట్టేవాళ్లని చూస్తే లోలోపల నవ్వొచ్చేది కూడా, మొహం మీద ముడతలు లెక్కపెట్టుకుంటారా ఏం అనుకునేది, ఇప్పుడు ఆ నాలుగు వందల ఎనభై మీదే బాణం గుర్తు నిలబెట్టి అరగంట నుంచి వేలు కదపలేకపోతోంది, గోడ గడియారం మూడూ ఐదు, నాలుగింటికి వీడియో ఎక్కించాల్సిన సైటు మూసుకుంటుంది, పొద్దున విచారణాధికారి ఆఫీసు నుంచి ఫోన్ చేసిన గుమాస్తా ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు, వంద ఎంబీ దాటితే తీసుకోదమ్మా, నాలుగు దాటినా తీసుకోదు, రేపు పదింటికి అయ్యగారు చూస్తారు, మీరు నెట్‌లో పెట్టిందే పెట్టేయండి, ఊరంతా చూసిందేగా, గోదాము వాళ్ల సీసీ కెమెరా రికార్డరు నెలకోసారి పాతది చెరిపేసుకుని దాని మీదే కొత్తది రాసుకుంటుందట, వాళ్ల దగ్గరేం మిగల్లేదట, అసలుది ఉంటే గింటే మీ దగ్గరే ఉండాలి, అని కాస్త ఆగి, పోయింది మీ తమ్ముడేనటగా, అన్నాడు, అవునండీ, తమ్ముడే, అంది, అతను ఫోన్ పెట్టేశాడు.

ఉంది, అసలుది ఉంది, ఎర్ర మూత పెన్‌డ్రైవులో, గోదాము మేనేజరు మూడో రోజున తల వంచుకుని తెచ్చి ఇచ్చాడు, మీరు ఈ పనిలోనే ఉన్నారు కదా, చూసుకోండి అని, అందులో పదకొండు నిమిషాలు, సామాన్ల లిఫ్టు ముందు తమ్ముడు అట్టపెట్టెలు సర్దుతూ తిరిగిన పది నిమిషాలు, ఆ తర్వాత లిఫ్టు కిందికి వచ్చిన ఒక్క నిమిషం, లోకంలో ఇంకెక్కడా లేవు అవి, పాత టేపుల్లో వాడు చాలా ఉన్నాడు, కెమెరా కొన్న కొత్తలో ఆమెకి దొరికిన మొదటి హీరో వాడే, పన్నెండేళ్లవాడు సైకిలు మీద రెండు చేతులూ వదిలేసి వచ్చి, అక్కా, దీన్ని స్లోమోషన్‌లో పెట్టవా, నేను పడ్డది మాత్రం తీసెయ్, అనేవాడు, తీసేసేది, పడినచోట కత్తిరించి లేచినచోట అతికించేది, వాడు పడనేలేదు, వాడి దోస్తులందరూ నమ్మారు, అంత బాగా అతికించేది.

పక్కగదిలో అమ్మ, అదిగో చెయ్యి, అంది, ఎవరితోనూ అనలేదు, ఫోన్లో వీడియో ఆ చోటికి రాగానే ఊపిరి వదిలినట్టు ఆ రెండు ముక్కలూ వదులుతుంది, వేలితో వెనక్కి జరుపుకుంటుంది, మళ్లీ అదిగో చెయ్యి, నలభై రోజులుగా ఈ ఇంట్లో వినపడే మాటలు అవే, ఆ చెయ్యి టకటకది, టకటక అంటే గోదాములో లిఫ్టు బటన్ దగ్గర నిలబడే పెద్దాయన, అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎవరి నోటా లేదు, తమ్ముడైతే టకటక బాబాయ్ అనేవాడు, ఆ లిఫ్టుకి ఉన్నది మడత జాలీ తలుపు, దాని గొళ్లెం ఏనాడో విరిగింది, ఎవరు తోసినా తెరుచుకుంటుంది, లిఫ్టు పైన ఉన్నప్పుడు కింద గుంటలోకి ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది, లేబుళ్ల చుట్టో, మార్కరు పెన్నో, వంగి తీసుకోవడం అందరికీ అలవాటు, అందుకని బటన్ నొక్కేముందు జాలీ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాలి, టక టక, అంటే తలలు వెనక్కి తీసుకోండర్రా అని, మిగతావాళ్లు ఓసారి కొట్టీ ఓసారి మరిచీ నడిపించేస్తారు, ఈయన ఒక్కడే ముప్పై ఏళ్లలో ఒక్కనాడు మానలేదట, అలవాటు ఎంత ముదిరిందంటే టీ గ్లాసు పెట్టేముందు బల్ల మీద టక టక, తన ఇంటికి తను వెళ్లినా తలుపు మీద టక టక, తమ్ముడు భోజనాల దగ్గర ఆయన్ని అభినయించి చూపించేవాడు, బాబాయ్ తుమ్మేముందు కూడా కొడతాడక్కా అని, అమ్మకి నవ్వి నవ్వి పొరబోయేది, ఆ అమ్మే పదిహేనో రోజున వెతుక్కుంటూ ఆయన వీధికి వెళ్లి, గుమ్మం ముందు నిలబడి, నీ చెయ్యి పడిపోను అని నలుగురూ వింటుండగా శాపనార్థాలు పెట్టి వచ్చింది, కెమెరాకి చెవులు లేవు, టక టక అందులో పడలేదు, పడింది చెయ్యి, జాలీ లోపల తమ్ముడి తల ఉన్నప్పుడు బటన్ మీద ఉన్న చెయ్యి, లక్షా పాతిక వేలమంది చూశారు, ఎవరో పుణ్యాత్ముడు ఆ చోట ఆపి చెయ్యి చుట్టూ ఎర్రగా గీత కూడా గీసి పెట్టాడు, కళ్లు కనపడవా అని ఒకడు రాశాడు, కావాలనే నొక్కాడు, నిలబడ్డ తీరు చూడండి అని ఇంకొకడు, గోదాము వాళ్లు ఆయన్ని గేటు బయట నిలబెట్టేశారు, రేపటి విచారణ ఆయన మీదే.

ఫోన్ మోగింది, స్కూలు హెడ్‌మిస్ట్రెస్, అమ్మాయ్, మా డాన్సు వీడియో ఎప్పుడిస్తావు, వెనక వరస పిల్లల మొహాలు కూడా స్పష్టంగా రావాలి, వాళ్ల తల్లిదండ్రులు ఊరుకోరు, సరేనండీ, ఎల్లుండి ఇస్తాను, వెనక వరసవాళ్లు కూడా వస్తారు, అంది, గొంతు మామూలుగానే పలికింది, నలభై రోజుల్లో నేర్చుకున్న విద్య ఇదొక్కటే, వెనక వరసలో నిలబడ్డవాళ్లకి కూడా మొహాలుంటాయని అందరికీ తెలుసు, వాళ్ల అమ్మలకి మరీ తెలుసు, టకటకకి అమ్మ లేదు, భార్య ఉంది, పొద్దున వచ్చింది, సగమే ఎత్తి ఉన్న షట్టరు కింద వంగి లోపలికి వచ్చి, కస్టమర్ల స్టూలు మీద కూర్చోమంటే కూర్చోకుండా దాన్ని పట్టుకుని నిలబడింది, తిట్టడానికి వచ్చిందో బతిమాలడానికి వచ్చిందో అని చూస్తే రెండూ కాదు, అమ్మాయీ, నువ్వు ఈ పని తెలిసినదానివి, నన్నొకటి అడగనీ, అంది, ఆయన కుడిచేత్తో అన్నం తినడం మానేశాడు, గొళ్లెం కూడా ఎడమచేత్తోనే తీస్తున్నాడు, మొదట్లో కొట్టాను, కొట్టాకే నొక్కాను, నొక్కినప్పుడు పిల్లాడు బయటే ఉన్నాడు అని ఒట్టేసి చెప్పేవాడు, తర్వాత ఎవరో ఫోన్లో ఆ వీడియో చూపించారు, చూశాడు, చూస్తూనే ఉన్నాడు, ఇప్పుడేమో నాక్కూడా అలాగే గుర్తొస్తోందే, వాడు లోపల ఉన్నాడు, నేను చూస్తూనే నొక్కాను, కొట్టానో లేదో నాకే తెలీదు అంటున్నాడు, రేపు అక్కడ కూడా అదే చెప్తాడట, నీ మాట నమ్ముతానమ్మాయీ, ఆ బొమ్మలో ఉన్నది నిజమేనా, నిజమే అంటే నేనూ గుండె రాయి చేసుకుంటాను, అంది, ఏం చెప్పింది తను, చూసి చెప్తాను పిన్నీ, అంది, ఆవిడ తలూపి షట్టరు దగ్గరికి వెళ్లి, వంగేముందు రేకు మీద రెండుసార్లు కొట్టింది, తను కొట్టానని తనకే తెలీదు, ముప్పై ఏళ్ల కాపురం మరి, అలవాట్లు అంటుకుంటాయి.

చూసి చెప్తాను అంది గానీ ఇంకా చూడడానికేముంది, ఆవిడ అటు వెళ్లగానే పెన్‌డ్రైవు పెట్టింది, ఆ మూడో రోజు తర్వాత మళ్లీ ఇవాళే, ఆ గోదాము కెమెరా సెకనుకి ఒక్క ఫ్రేమే తీస్తుంది, డిస్కు తొందరగా నిండకూడదని మేనేజరు అలా పెట్టించాడు, మామూలు వీడియోకి సెకనుకి పాతిక బొమ్మలు, దీనికి ఒకటి, అందుకే దాన్ని ఉన్నదున్నట్టు ఆడిస్తే మనుషులు నడవరు, ఒకచోట మాయమై ఇంకోచోట తేలతారు, మూడో రోజున అమ్మ పట్టుబట్టి ఈ కుర్చీ పక్కనే కూర్చుని చూసింది, కాసేపు చూసి, ఇదేంటే, నా బిడ్డ నడుస్తున్నట్టు లేడే, దెయ్యంలా ఇక్కడ మాయమై అక్కడ కనపడుతున్నాడే, వాణ్ని నడిచేటట్టు చెయ్యవే, అంది, కొడుకుని తెచ్చిమ్మని అడగలేదు, నడిపించమని అడిగింది, కాదనడానికి నోరెలా వస్తుంది, సెట్టింగుల్లో స్మూత్ మోషన్ అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్ పెట్టింది, పెడితే సాఫ్ట్‌వేరు ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య ఖాళీలో తనే ఇరవై నాలుగు బొమ్మలు అల్లి పూడ్చేస్తుంది, ముందుదీ వెనకదీ కలిపి, ఇది సగం అది సగంగా, పసిపిల్లలు తప్పటడుగులు వేసే వీడియోలకి వాడితే ఎంత ముద్దొస్తుందో, తమ్ముడు నడిచాడు, నిజంగానే నడిచాడు, అమ్మ తెర మీద వేలు ఆనించి వాడితోపాటు పెట్టెల దాకా నడిపించింది, పోనీలే, ఇదైనా మిగిలింది అంది.

ఇప్పుడు అసలు ఫ్రేములు వరసగా ఎదురుగా ఉన్నాయి, మూల టైము అంకెలతో సహా, రెండూ నలభై ఒకటీ పదహారు, టకటక ఎడమ అరచెయ్యి జాలీ మీద, పదిహేడు, కుడిచెయ్యి బటన్ మీద, తమ్ముడు జాలీ బయటే, పక్కకి తిరిగి పెట్టెకి లేబులు అంటిస్తున్నాడు, పద్దెనిమిది, టకటక వీపు ఇటు, చేతులు రెండూ కిందికి, తమ్ముడు జాలీ తోసేసి గుంటలోకి వంగి ఉన్నాడు, జారిపడ్డ లేబుళ్ల చుట్ట కోసం, అంతే, పదిహేడులో చెయ్యి ఉంది, తల లేదు, పద్దెనిమిదిలో తల ఉంది, చెయ్యి లేదు, రెండూ కలిసి ఉన్న బొమ్మని కెమెరా తియ్యలేదు, ఆ గోదాములో అది జరగలేదు, ఈ గదిలో, ఈ ఫ్యాను కింద, అమ్మ పక్కన కూర్చుని ఉండగా పుట్టింది, పుట్టినదాన్ని అదే రోజు సాయంత్రం కడుపుమంట కొద్దీ తన స్టూడియో పేరు మీదే నెట్‌లో పెట్టింది, నా తమ్ముడు ఎలా పోయాడో చూడండి అని రాసింది, చూశారు, ఎర్రగీత గీసింది దాని చుట్టే, అమ్మ వెనక్కి జరిపి జరిపి చూస్తున్నది దాన్నే, ఆ పెద్దమనిషి తన కళ్లతో చూసినదాన్ని చెరిపేసుకుని దాని మీద రాసుకున్నదీ దాన్నే, పదమూడేళ్ల అనుభవం ఉన్నదానికి ఆ మాత్రం తట్టలేదా అంటే, తట్టలేదు, దేవుడి మీద ప్రమాణంగా చెయ్యి సంగతి ఇవాళ పొద్దున దాకా తట్టలేదు, అతికించిన మనిషికే అతుకు కనపడలేదు.

మూడూ ఇరవై, సరే, టిక్ తీసేస్తే పోలా, సైజు నాలుగు వందల ఎనభైలోనే ఉంచి టిక్ ఒక్కటి తీసేస్తే బటన్ మీద చెయ్యి పోతుంది, ఆయన బయటపడతాడు, వంద ఎంబీ దాటదు, గుమాస్తాకీ గొడవ లేదు, అని మనసు బేరం మొదలుపెట్టింది, బేరాలాడడంలో దాన్ని మించింది లేదు, కానీ ఆ చిన్న సైజులో పదహారో సెకను కనపడదు, ఒకసారి చేసి చూసింది కూడా, జాలీ ఊచలూ అరచెయ్యీ కలిసిపోయి బూడిదరంగు మరక, కొట్టకుండానే నొక్కాడు అంటారు, ముప్పై ఏళ్లు కొట్టి ఆ రోజు కొట్టలేదా అంటారు, ఆయనా కాబోలు అనేస్తాడు, తనని తనే నమ్మని మనిషి ఎంతసేపు నిలబడతాడు, కొట్టినట్టు కనపడాలంటే సైజు మొత్తం ఉంచాలి, మొత్తం ఉంచితే ఆ అరచెయ్యి ఒక్కటే కనపడి ఊరుకోదు, తమ్ముడి ఎడమచెవి కూడా కనపడుతుంది, చెవిలో తెల్లటి చుక్క కనపడుతుంది, బియ్యపుగింజంత.

దేనికీ కాదు, పుట్టినరోజుకీ కాదు, ఒక మామూలు మంగళవారం, చెవులు దిబ్బళ్లు వేస్తున్నాయక్కా, ఆ లిఫ్టు మోత, ఆ ట్రాలీల మోత, ఇంటికొచ్చినా తలలో మోగుతూనే ఉంటుంది అన్నాడు, దానికేం భాగ్యంరా అని మర్నాడే ఇయర్‌బడ్స్ కొనుక్కొచ్చింది, చెవుల్లో దూర్చుకునేవి, వైరు లేనివి, బయటి మోతంతా మింగేసే రకం, ఎడిటింగు చేసేవాళ్లకి ఇవి బాగా తెలుసు, ఏది మంచిదో ఏది బోడిదో, మంచివే కొంది, వాడు పెట్టుకుని, ఏదీ, ఏమన్నా అను అన్నాడు, పిలిచింది, తిట్టింది, గరిటె తీసుకుని బల్ల మీద బాదింది, అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏంటే ఆ మోత అంటూ గుమ్మంలో నిలబడి చూసింది, వాడు కళ్లు మూసుకుని నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు, ఒక్క ముక్క వినపడ్డం లేదక్కా, స్వర్గంలా ఉంది, అన్నాడు, పనిలో పెట్టుకోకురా అని అనాలి కదా, అనలేదు, అనాలని తట్టలేదు, పనిలోని మోత కోసమే కదా కొన్నది, ఆయన పదహారో సెకనులో కొట్టాడు, రెండుసార్లూ కొట్టే ఉంటాడు, ఎవరు వింటారు, అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, ఎవరు కొన్నారో అమ్మకి తెలుసు, ఆ చెయ్యి లేకపోతే అమ్మకి పట్టుకోవడానికి ఏం మిగులుతుంది, ఇవాళ శపించడానికి ఒక వీధి ఉంది, వెళ్లి నిలబడడానికి ఒక గుమ్మం ఉంది, రేపటి నుంచి అమ్మ నిలబడే గుమ్మం ఇదే, ఈ గదికీ పక్కగదికీ మధ్య ఉన్న గుమ్మం, భోజనాల దగ్గర కంచం ముందు పెట్టి మొహం పక్కకి తిప్పుకుంటుంది, తిట్టదు, కూతురు కదా, తిట్టినా బాగుండును.

అదిగో చెయ్యి, అంది అమ్మ పక్కగదిలో, మూడూ ముప్పై ఎనిమిది, అయినా మొత్తం సైజు పెడదామన్నా కుదరదు కదా, పదకొండు నిమిషాలు, ఆరు వందల ఎంబీ దాటింది ఆ రోజు, స్టూడియో నెట్‌కి పూటంతా పట్టేట్టుంది అనేగా తగ్గించింది, ఇవాళ వంద దాటితే వాళ్లు తీసుకోరు, రూలు వాళ్లది, తనేం చేస్తుంది, తను కావాలని దాచిందా ఏం, సైజు పట్టదు, అంతే, అనుకునేసరికి ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది, ఎంత హాయిగా దిగిందంటే భయం వేసింది, సరే, పట్టదని కళ్లారా చూసుకుని చిన్నదే పంపేద్దామని టిక్ తీసేసింది, ఫ్రేములు సోర్సులో ఉన్నట్టే అని పెట్టింది, సైజు మొత్తం, వెయ్యీ ఎనభై, క్వాలిటీ గీతని చివరికంటా జరిపింది, సెట్టింగుల కిటికీ అడుగున అంచనా సైజు అంకె ఒక్క క్షణం ఖాళీ అయి మళ్లీ వచ్చింది, ముప్పై ఎనిమిది ఎంబీ.

ముప్పై ఎనిమిది, ఆరు వందలు కాదు, వంద కూడా కాదు, అవును మరి, పాతిక బొమ్మల్లో ఇరవై నాలుగు లేనివే కదా, బరువంతా లేనివాటిదే, ఉన్నవి ఎంతని బరువుంటాయి, టిక్ ఒక్కటి తీసేస్తే ఆ రోజు కూడా ముప్పై ఎనిమిదే, టీ తాగి వచ్చేలోపు ఎక్కిపోయేది, ఈ పనిలో చేరిన వారానికే తెలిసే సంగతి ఇది, మరి ఎందుకు తగ్గించింది, నెట్ కోసం కాదు, నెట్‌లో పెట్టే సంగతి అప్పటికి అనుకోనైనా లేదు, అమ్మ మొహం కడుక్కోవడానికి లేచి వెళ్లింది, కుళాయి చప్పుడు వినపడుతోంది, ఆ కాస్త వ్యవధిలో వాడి మొహం దగ్గరగా చూసుకుందామని బొమ్మని నాలుగింతలు పెద్దది చేసింది, వాడి బుగ్గ, వాడి చెంప మీద చెమట, చెవి, చెవిలో తెల్లటి చుక్క, కుళాయి కట్టిన చప్పుడు, అమ్మ అడుగుల చప్పుడు, బొమ్మని మామూలు సైజుకి తెచ్చేసింది, సెట్టింగుల కిటికీ తెరిచింది, బాణం గుర్తు వెయ్యీ ఎనభై మీంచి జారుకుంటూ నాలుగు వందల ఎనభై మీదికి వచ్చి ఆగింది, గదిలో అడిగినవాళ్లెవరూ లేకపోయినా, సైజు తక్కువుంటే తొందరగా ఎక్కుతుంది, అని పైకే అంది, చూసింది, ఆ రోజే చూసింది, నలభై రోజులుగా చూడనట్టు ఉంది, చుక్క ఒక్కటి చెరుపుకుందామని చెరిపితే దాంతోపాటు ఒక మనిషి కొట్టిన రెండు దెబ్బలు చెరిగిపోయాయి, నున్నగా పూడ్చినచోట ఆయన చెయ్యి పుట్టింది, వాడి చెవులు మూసింది తను, ఆ చెయ్యి పెట్టింది తను, ఆయన మోస్తున్న నేరం తనదే, ఆయన ఎడమచేత్తో తింటున్నది తన తప్పుకి, గడియారం మూడూ నలభై ఆరు, వేలు ఎక్స్‌పోర్ట్ బటన్ మీదికి వెళ్లింది, నొక్కేముందు ఎడమ అరచెయ్యి తనంతట తనే బల్ల మీద రెండుసార్లు కొట్టింది, పక్కగదిలో అదిగో అన్న గొంతు మధ్యలో ఆగింది, ఎవరే అది, అంది అమ్మ, నేనేనమ్మా, అంది ఆమె, అమ్మకి వినపడిందో లేదోనని లేచి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ చెప్పింది, నేనే.